పిస్టన్ ఆర్డర్ పెట్టడం ఏడో మెట్టు: పెర్ఫార్మెన్స్ ఇంజన్ రీబిల్డ్‌కి పిస్టన్లు, రాడ్లు ఎంచుకోవడం ఎలా

పీణ్యలో నేను వెళ్లే బోరింగ్ షాపు యజమానిది మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఎన్నేళ్లు బెంగళూరులో ఉన్నా మాటలో సీమ యాస పోలేదు. నా పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ ఇంజన్ రీబిల్డ్ అనుకున్నప్పుడు, బయటి దేశం నుంచి తెప్పించిన ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా అదిమి చేసిన) పిస్టన్ల పెట్టె చంకన పెట్టుకుని గర్వంగా ఆయన బల్ల మీద దించాను. ఆయన పెట్టె మూత కూడా తీయలేదు.

"బోరు ఎవరు కొలిచినారు సార్?"

"ఇంకా ఇంజన్ విప్పలేదన్నా."

"మరి పిస్టన్లు ఎట్ల తెప్పించినారు? కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టుందే!"

బోరు అంటే సిలిండర్ లోపలి వ్యాసం. నేను కొన్నవి 81 మి.మీ. స్టాండర్డ్ సైజువి, డిస్కౌంట్‌లో వచ్చాయని. ఇంజన్ విప్పి కొలిస్తే మూడో సిలిండర్ పైభాగం 0.11 మి.మీ. అరిగిపోయి ఉంది. చివరికి బ్లాకుని (సిలిండర్లు ఉండే దిమ్మని) 81.5కి బోరు చేయించి, నాలుగు పిస్టన్లూ మళ్లీ తెప్పించుకున్నాను. మొదటి సెట్టు సగం ధరకి అమ్ముకున్నాను. అందుకే కింద రాసిన వరుసలో పిస్టన్ ఆర్డర్ పెట్టడం ఏడో మెట్టు. అంతకు ముందువన్నీ కొలతలూ, కాగితం మీద లెక్కలే.

ఉదాహరణలు ఎక్కువగా నా ఆక్టేవియాలోని 1.8 లీటర్ల టర్బో ఇంజన్ నుంచే ఇస్తాను. బోరు 81, స్ట్రోకు (పిస్టన్ కింది నుంచి పైదాకా కదిలే దూరం) 86.4 మి.మీ., 1781 సీసీ. మీది ఎస్టీమ్ అయినా, పాత హోండా సిటీ అయినా లెక్క చేసే పద్ధతి ఇదే.

మెట్టు 1: నాలుగు ప్రశ్నలకి జవాబు రాసుకోండి

ఏ పెట్రోలు పోస్తారు? టర్బోనా, మామూలు ఇంజనా, టర్బో అయితే బూస్టు (టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడి) ఎంత? గరిష్ఠ ఆర్‌పీఎం ఎంత? కారు ఎక్కడ తిరుగుతుంది? ఈ నాలుగూ తేలకుండా కేటలాగు తెరిస్తే అన్నిటికంటే ఖరీదైన పిస్టనే నచ్చుతుంది.

పెట్రోలు సంగతి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద ఊళ్లలో, అదీ కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. పండక్కి ఊరికి వెళ్తూ పలమనేరులోనో నాయుడుపేటలోనో ట్యాంకు ఖాళీ అయితే మామూలు ఈ20 (ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోయక తప్పదు. దారిలో ఏది దొరుకుతుందో దానికి తట్టుకునే కంప్రెషనే (సిలిండర్‌లోని మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) పెట్టుకోండి. మంచి పెట్రోలు పోసిన రోజు ఇగ్నిషన్ టైమింగ్‌లో లాభం తీసుకోవచ్చు. పిస్టన్‌ని మాత్రం బంకు బంకుకీ మార్చలేం కదా.

నాలుగో ప్రశ్నని మన బెంగళూరు వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం చెన్నై కంటే సుమారు 10 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్‌కి 11.5 కంప్రెషన్ పెట్టి, బెంగళూరు నైస్ రోడ్డు మీద ట్యూన్ చేసుకుంటే నాకింగ్ (మిశ్రమంలో కొంత తనంతట తానే భగ్గుమని పిస్టన్‌ని కొట్టడం) ఉండకపోవచ్చు. అదే కారుని ట్రాక్ డే కోసం చెన్నై దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లండి. శ్రీపెరుంబుదూరు దగ్గర అంతా పల్లం, ఎండ చూస్తే 40 డిగ్రీలు. సిలిండర్‌లోకి వెళ్లే గాలి ఎక్కువ, దాని వేడీ ఎక్కువ. 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద నాలుగు ల్యాపులు తిరిగేసరికి, ఇక్కడ వినపడని నాకింగ్ అక్కడ వినపడుతుంది. హెల్మెట్‌లో అది కూడా వినపడకపోతే ఇంకా ప్రమాదం. కంప్రెషన్ నిర్ణయించేటప్పుడు చెన్నై ఎండనే మనసులో పెట్టుకోండి, బెంగళూరు సాయంత్రాన్ని కాదు.

టర్బో వాళ్లకి ఇంకోటి ఉంది. చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులోనే ఉండి, 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాం. బూస్టు నిండుగా వస్తుంది, ఇంజన్ మాత్రం నెమ్మదిగా తిరుగుతుంటుంది. రాడ్లు, అంటే పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కడ్డీలు, వంగేది ఇలాంటి చోటే. దీని సంగతి ఐదో మెట్టులో.

మెట్టు 2: విప్పండి, కడగండి, కొలవండి

డయల్ బోర్ గేజ్ ఉన్న షాపుకే వెళ్లండి. వేలితో తడిమి "బానే ఉంది సార్" అనే చోట అసలు దించొద్దు. ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద, రెండేసి దిశల్లో కొలవాలి. సిలిండర్‌కి ఆరు అంకెలు, నాలుగింటికి ఇరవై నాలుగు. అన్నీ పుస్తకంలో రాయించుకోండి. పైనా కిందా తేడా ఉంటే టేపరు. అడ్డంగా, నిలువుగా తేడా ఉంటే ఓవాలిటీ. ఎక్కువగా అరిగిన సిలిండర్ ఏ ఓవర్ సైజుకి (స్టాండర్డ్ కంటే పెద్ద బోరుకి) శుభ్రంగా వస్తుందో నాలుగిటికీ అదే సైజు. అవసరం 0.25 మి.మీ. అయితే 1.0 కి వెళ్లొద్దు. గోడ మందం ఎంత మిగిల్తే అంత మంచిది, ఇంకో రీబిల్డ్‌కీ చోటుంటుంది.

తర్వాత బ్లాకు ఎత్తు, అంటే క్రాంక్ సెంటర్ నుంచి బ్లాకు పై ముఖం దాకా. మా ఇంజన్‌కి ఇది 220 మి.మీ. ఎవరైనా ఇంతకుముందు బ్లాకు ముఖం గ్రైండ్ చేయించి ఉంటే తక్కువ వస్తుంది. సెకండ్ హ్యాండ్ కారైతే ఆ చరిత్ర మీకు చెప్పేవాళ్లు ఉండరు, కొలతే చెప్పాలి.

క్రాంక్ జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు), పాత రాడ్ల పొడవు, పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపేది) వ్యాసం కూడా. పిన్ను తేలిగ్గా తీసుకోకండి. ఈ 1.8 టర్బో కుటుంబంలోనే 20 మి.మీ. పిన్ను వచ్చినవీ ఉన్నాయి, 19 మి.మీ. వచ్చినవీ ఉన్నాయి. రాడ్లు ఒక చోట, పిస్టన్లు ఇంకో చోట కొని, ఒకదాని పిన్ను ఇంకోదాంట్లో దూరక తల పట్టుకున్నవాళ్లని చూశాను.

మెట్టు 3: కంప్రెషన్ లెక్క మీరే వేయండి

సూత్రం స్కూలు లెక్కే. పిస్టన్ కింద ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉన్న మొత్తం ఖాళీని, పిస్టన్ పైకొచ్చాక మిగిలిన ఖాళీతో భాగించాలి.

బోరు 81.5, స్ట్రోకు 86.4 అయితే పిస్టన్ ఊడ్చే చోటు ఒక్కో సిలిండర్‌కి 450.7 సీసీ. మనకి 9:1 కావాలనుకుందాం. తొమ్మిది వంతుల్లో ఒకటి మిగిలితే పిస్టన్ ఊడ్చేది ఎనిమిది కాబట్టి 450.7ని 8తో భాగిస్తే 56.3. అంటే పిస్టన్ పైకొచ్చాక సరిగ్గా 56.3 సీసీ ఖాళీ మిగలాలి.

ఆ ఖాళీ ఎక్కడెక్కడ ఉంటుందో చూద్దాం. హెడ్‌ని (బ్లాకు పైన బిగించే, వాల్వులుండే భాగాన్ని) తలకిందులుగా పెట్టి, వాల్వులు మూసి, పైన చిల్లున్న మందపాటి యాక్రిలిక్ పలక బిగించి, బ్యూరెట్‌తో పల్చటి నూనె పోయండి. 41 సీసీ పట్టిందనుకుందాం. హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య వేసే పొర) బిగించాక మందం 1.1 మి.మీ., దాని రంధ్రం 82.5 మి.మీ. అయితే అక్కడ 5.9 సీసీ. పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు ముఖానికి సమానంగా నిలిస్తే అక్కడ సున్నా. 56.3 లోంచి 41, 5.9 తీసేస్తే 9.4. పిస్టన్ తల మీద వాల్వ్ పాకెట్లతో కలిపి 9.4 సీసీ గుంట ఉండాలన్నమాట. ఆర్డర్ ఫారంలో రాయాల్సింది ఈ అంకె. "9:1 పిస్టన్" అని అట్ట మీద రాసి అమ్మేది వాళ్ల హెడ్‌కీ, వాళ్ల గాస్కెట్‌కీ తొమ్మిది. మీ హెడ్ గ్రైండ్ అయి ఉంటే అదే పిస్టన్ 9.4 ఇస్తుంది.

కంప్రెషన్ హైట్ కూడా ఇక్కడే తేలుతుంది. పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఉండే ఎత్తు అది. 220 లోంచి రాడ్డు పొడవు 144, స్ట్రోకులో సగం 43.2 తీసేస్తే 32.8 మి.మీ. బ్లాకు 0.2 గ్రైండ్ అయి ఉంటే 32.6. ఈ రెండు పాయింట్ల తేడాతోనే పిస్టన్ బ్లాకు దాటి పైకి పొడుచుకొస్తుంది.

పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య మిగిలే సందు 1 మి.మీ. చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. ఆ సన్నటి చోట గాలి నలిగి మధ్యకి దూకుతుంది, మిశ్రమం బాగా కలిసి నాకింగ్ తగ్గుతుంది. టర్బో అనగానే మందపాటి గాస్కెట్ వేసి కంప్రెషన్ దించేవాళ్లు ఈ సందుని పాడుచేస్తారు. గుంట ఉన్న పిస్టన్‌తో దించడమే సరైన దారి. అలాగని 8కి దించేయకండి. బూస్టు వచ్చేదాకా కారు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఎద్దుబండిలా నడుస్తుంది.

మెట్టు 4: పిస్టన్ లోహం, రింగులు, పిన్ను

స్టాక్ పిస్టన్లు ఎక్కువగా పోత పోసినవి. చప్పుడు చేయవు, చాలాకాలం మన్నుతాయి. టర్బో లేకుండా, ఆర్‌పీఎం పెద్దగా పెంచకుండా, కాస్త క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) మార్చి నడిపే ఇంజన్‌కి మంచి ఓవర్ సైజు పోత పిస్టన్లు చాలు. ఈ మాట చెప్తే మోజు తగ్గిపోతుందని చాలామంది చెప్పరు. పోత పిస్టన్‌తో చిక్కల్లా నాకింగ్ వస్తే రింగుల మధ్య గట్టు పుటుక్కున విరగడం. ఫోర్జ్‌డ్ పిస్టన్ అయితే వెంటనే విరగదు, కొంత సాగి మనకి టైమ్ ఇస్తుంది.

ఫోర్జ్‌డ్‌లో రెండు అల్యూమినియం మిశ్రమ లోహాలు ఎక్కువగా వినపడతాయి. 4032 లో సుమారు 12 శాతం సిలికాన్ ఉంటుంది. వేడికి తక్కువ ఉబ్బుతుంది కాబట్టి గోడకి దగ్గరగా పెట్టొచ్చు, అరుగుదల తక్కువ. 2618 లో సిలికాన్ దాదాపు లేదు. మెత్తన, సాగే గుణం ఎక్కువ, దెబ్బకి ఓర్చుకుంటుంది. కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, అందుకని గోడకీ దానికీ ఎక్కువ సందు కావాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ వేడెక్కేదాకా టకటకమంటుంది. రోజూ ఆఫీసుకి వెళ్లే కారు, ఓ మోస్తరు బూస్టు అయితే నేను 4032 వైపే. ట్రాక్ కోసమే కట్టే, బూస్టు బాగా పెంచే ఇంజన్‌కి 2618.

81 మి.మీ. బోరులో 4032 కి సాధారణంగా 0.06 నుంచి 0.08 మి.మీ., 2618 కి 0.08 నుంచి 0.10 దాకా సందు చూస్తాం. పిస్టన్‌తో వచ్చే కాగితంలో ఏముంటే అదే ఆఖరి మాట. "కొంచెం టైట్‌గా పెడితే సౌండ్ రాదు సార్" అనే సలహా వింటే చప్పుడు నిజంగానే ఆగిపోతుంది, పిస్టన్ సీజ్ అయి.

రింగుల చివరల మధ్య గ్యాప్‌ని ఫైల్‌తో మనమే సరిచేసుకునే సెట్టు తీసుకోండి. మామూలు ఇంజన్‌కి పై రింగు గ్యాప్ బోరులో వెయ్యింటికి నాలుగు వంతులు, అంటే 81 కి 0.32 మి.మీ. దగ్గర. టర్బోకి ఐదున్నర వంతులు, 0.45 దగ్గర. గ్యాప్ కాస్త ఎక్కువైతే కొద్దిగా కంప్రెషన్ పోతుంది, అంతే. తక్కువైతే వేడికి చివరలు ఒకదాన్నొకటి గుద్దుకుని రింగు గోడని గీసేస్తుంది, గట్టు విరుగుతుంది. రెండో రింగుకి పైదానికి సమానంగానో ఇంకాస్త ఎక్కువగానో పెట్టాలి.

పిన్ను గురించి ఒకటే: టర్బోకి గోడ మందంగా ఉన్న పిన్ను అడగండి. బరువు పది పదిహేను గ్రాములు పెరిగినా పర్వాలేదు.

మెట్టు 5: రాడ్లు

రాడ్డు మీద రెండు రకాల బలాలు పనిచేస్తాయి. ఏది ఎక్కువో తెలిస్తే ఏ రాడ్డు కొనాలో తెలుస్తుంది.

మొదటిది లాగే బలం. ఇది ఆర్‌పీఎం వల్ల వస్తుంది, అదీ ఆర్‌పీఎం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 6,000 నుంచి 7,500 కి వెళ్తే ఆర్‌పీఎం పెరిగేది పావు వంతే, బలం మాత్రం 56 శాతం పెరుగుతుంది. మా ఇంజన్‌లో 7,000 దగ్గర పిస్టన్ పైకొచ్చి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో త్వరణం భూమ్యాకర్షణకి 3,000 రెట్లు దాటుతుంది. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి 450 గ్రాములనుకుంటే ఆ క్షణాన రాడ్డుని లాగే బలం దాదాపు 1,400 కిలోలు. ఒక కారుని రాడ్డుకి వేలాడదీసినట్టు. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర్లో అయితే పైనుంచి అదిమే మంట ఒత్తిడి కూడా ఉండదు, లాగుడంతా రాడ్డు బోల్టుల మీదే పడుతుంది. అందుకే ఆర్‌పీఎం పెంచిన ఇంజన్‌లో ముందు తెగేవి బోల్టులు.

రెండోది నొక్కే బలం. ఇది టార్క్ (క్రాంక్‌ని తిప్పే బలం) వల్ల వస్తుంది. మొగిలి ఘాట్ సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. తక్కువ ఆర్‌పీఎంలో బూస్టు నిండితే సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, పిస్టన్ వేగం తక్కువ కాబట్టి ఆ ఒత్తిడి ఎక్కువసేపు రాడ్డు మీద కూర్చుంటుంది. సన్నటి స్టాక్ రాడ్డు విల్లులా వంగుతుంది. వంగిందని వెంటనే తెలియదు కూడా. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గుతుంది, ఐడిల్ కుదుపు వస్తుంది, ఇంజెక్టర్ పోయిందేమోనని వెతుకుతూ ఉంటాం. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే కొత్త టర్బో ఇంజన్లలో ఇదే చోట స్పార్కుకి ముందే మిశ్రమం అంటుకునే జబ్బు కూడా ఉంది. వాటికి డబ్బా మీద కనీసం ఏపీఐ ఎస్‌పీ గ్రేడు అని ఉన్న ఇంజన్ ఆయిలే వాడండి.

కాబట్టి టర్బో లేని ఇంజన్‌ని 7,500కి తీసుకెళ్తుంటే మంచి బోల్టుల మీద, తేలిక పిస్టన్ల మీద డబ్బు పెట్టండి. స్టాక్ రాడ్లని పగుళ్ల పరీక్ష చేయించి, కొత్త బోల్టులు వేసి, బోల్టులు బిగించిన స్థితిలో పెద్ద రంధ్రాన్ని (క్రాంక్‌ని పట్టుకునేదాన్ని) మళ్లీ గుండ్రంగా చేయించాలి. బోల్టు మారితే రంధ్రం ఆకారం మారుతుంది, ఈ పని ఎగ్గొట్టకండి. ఒక మినహాయింపు ఉంది. క్యాపుని (ఆ రంధ్రం కింది సగాన్ని) కోయకుండా పగలగొట్టి విడదీసే రాడ్లు ఇప్పటి కార్లలో ఎక్కువ. ఆ పగులు ముఖాన్ని గ్రైండ్ చేయడానికి వీల్లేదు. అవైతే కొత్త రాడ్లే దారి.

టర్బో టార్క్ బాగా పెంచుతుంటే వాదనే లేదు, 4340 ఉక్కు ఫోర్జ్‌డ్ రాడ్లు. రాడ్డు ఆకారంలో హెచ్ బీమ్ గొప్పా, ఐ బీమ్ గొప్పా అని టీ కొట్టు దగ్గర గంటలు గడుస్తాయి. నా దృష్టిలో ఆ చర్చ కంటే ఏ బోల్టు వచ్చింది, రంధ్రాలు ఎంత గుండ్రంగా ఉన్నాయి అన్నవే ముఖ్యం. ఏఆర్‌పీ కంపెనీ చేసే ఏఆర్‌పీ 2000 రకం బోల్టులు ఉన్న సెట్టు తీసుకోండి. బోల్టుల్లో నకిలీలు తిరుగుతుంటాయి, బిల్లు ఇచ్చే చోటే కొనండి. మరీ చవగ్గా వచ్చిన రాడ్లు చెడ్డవనే నియమం లేదు, కానీ వాటిని కొలవకుండా వేయడం జూదమే.

ఒక చిన్న సంగతి, పెద్ద తలనొప్పి. ఈ ఇంజన్‌లో పిస్టన్ అడుగుకి ఆయిల్ చిమ్మే నాజిళ్లు ఉంటాయి. లావు రాడ్డో, కొత్త పిస్టన్ స్కర్టో వాటికి తగలొచ్చు. క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడకుండా ఇంజన్ మూయకండి.

మెట్టు 6: కాగితాలు

81.5 బోరుతో నా ఇంజన్ 1781 నుంచి 1803 సీసీ అయింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు చేయకూడదు. రోడ్డు కారైతే ఓవర్ సైజు ఎంచుకునే ముందే ఆర్‌టీఓ దగ్గరా, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా కనుక్కోండి. రేసు కారైతే మన దేశ మోటార్ స్పోర్ట్స్ సంఘం ఎఫ్ఎమ్ఎస్‌సీఐ నియమాల్లో మీ క్లాసుకి ఏ పిస్టన్, ఏ రాడ్డు ఒప్పుకుంటారో ముందు చదవండి. అసలు మార్చకూడదనే క్లాసులూ ఉంటాయి.

మెట్టు 7: ఇప్పుడు ఆర్డర్

ఆర్డర్‌లో రాయాల్సినవన్నీ ఈపాటికి మీ పుస్తకంలో ఉన్నాయి. బోరు, కంప్రెషన్ హైట్, గుంట సీసీ, పిన్ను వ్యాసం, లోహం, రింగుల మందం, రాడ్డు పొడవు, పెద్ద రంధ్రం వ్యాసం, వెడల్పు. వీలైతే పిస్టన్లూ రాడ్లూ ఒకే చోట నుంచి తీసుకోండి. కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియరు కలిపాకే అసలు ధర. వెబ్‌సైట్ మీద చూసిన అంకెతో ఇంట్లో మాట ఇవ్వకండి.

మెట్టు 8: పెట్టె వచ్చాక

ముందు తూచండి. బంగారం తూచే రకం డిజిటల్ కాటా చాలు. నాలుగు పిస్టన్లూ ఒక గ్రాము తేడాలో ఉండాలి. రాడ్లలో పెద్ద చివర, చిన్న చివర విడివిడిగా సరిపోవాలి. నాలుగు సిలిండర్లు వరుసగా ఉన్న ఇంజన్‌కి ఇవి ఒకదానికొకటి సమానమైతే చాలు, వీ6 అయితే కొత్త బరువుకి తగ్గట్టు క్రాంక్ కూడా బ్యాలెన్స్ చేయించాలి.

పిస్టన్లకి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు వేసి అప్పుడు బోరింగ్‌కి పంపండి. పిస్టన్ గుండ్రంగా ఉండదు, నిటారుగానూ ఉండదు. తయారీదారు చెప్పిన ఎత్తులో, పిన్నుకి అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి కొలిచి, ఒక్కో సిలిండర్‌నీ దాని పిస్టన్‌కి తగ్గట్టు హోనింగ్ (రాళ్లతో రుద్ది ఆఖరి సైజుకి తేవడం) చేయాలి. హెడ్ బిగించినప్పుడు బ్లాకు కాస్త వంకరపోతుంది కాబట్టి టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందపాటి పలక) బిగించి హోనింగ్ చేసే షాపు దొరికితే డబ్బు ఎక్కువైనా అక్కడికే వెళ్లండి.

బేరింగ్ సందుకి మంచి కొండగుర్తు ఉంది: జర్నల్ ఎన్ని మిల్లీమీటర్లో సుమారు అన్ని మైక్రాన్లు. 48 మి.మీ. జర్నల్‌కి 0.048 మి.మీ. ప్లాస్టిగేజ్ (ఎంత నలిగిందో చూసి సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ పోగు) పెట్టి ప్రతి రాడ్డుకీ చూడండి. క్యామ్ మార్చి ఉంటే పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి అతికించి, హెడ్ బిగించి, చేత్తో తిప్పి, విప్పి చూడండి. మట్టి అతి పలచనైన చోట ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. మిగలాలి.

ఆఖరున రాడ్డు బోల్టులు. టార్క్ రెంచి క్లిక్‌మంది కదా అని వదిలేయకండి. దారాలకి ఏ గ్రీజు రాశారన్నదాన్ని బట్టి అదే టార్క్‌కి బోల్టు సాగేది మారిపోతుంది. బిగించక ముందు ఒక్కో బోల్టు పొడవు కొలిచి రాసుకోండి, తయారీదారు చెప్పినంత సాగేదాకా బిగించండి, మళ్లీ రాసుకోండి. ఎనిమిది బోల్టులు, పదహారు అంకెలు. తర్వాత ఎప్పుడైనా ఇంజన్ విప్పితే, విప్పిన బోల్టు మొదటి పొడవు కంటే 0.025 మి.మీ. పెరిగి ఉంటే ఆ బోల్టు పని అయిపోయినట్టే. నా పుస్తకం కారు గ్లవ్ బాక్సులోనే, ఆర్‌సీ పక్కన ఉంటుంది. రెండో పేజీలో ఆ మూడో సిలిండర్ 0.11 కింద మదనపల్లె అన్న పెన్నుతో కొట్టిన రెండు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.